కొట్టేసిన ఐదు కొలతలు

ఏప్రిల్ 21

ఆఫీసు పుస్తకం వేరే ఉంది. అందులో వాన ఎంత పడింది, చువ్వ ఎంత దిగింది, బ్యాటరీ ఎంత మిగిలింది, ఇవే రాస్తాను. ఇది నా సొంత పుస్తకం. కొండ జారితే బురద ఎక్కడిదాకా వస్తుందో గీతలు గీసే గది ఇది; నా తర్వాత ఈ గీతల గదికి వచ్చేవాళ్ళు కావాలంటే చదువుకోవచ్చు. అప్పటికి నేనుండను కాబట్టి నాకు మొహమాటం లేదు.

ఈరోజు కొండవాగుల్లో నక్కల గెడ్డ వంతు. పొద్దున్నే ఇనుప చువ్వ, సమ్మెట మోసుకుని పనసమెట్ట దాకా ఎక్కాం. నేనూ, సంఘం పెద్ద ఎర్రయ్య మావా. డ్రోన్ కొండ పైచర్మాన్ని మాత్రమే చూస్తుంది. గెడ్డ అడుగున వదులు మట్టి ఎంత లోతు ఉందో చువ్వ దిగ్గొట్టి చూడాల్సిందే. పెద్ద వానకి నీళ్ళు ఆ మట్టినీ రాళ్ళనీ కలుపుకుంటే బురదపోటు అవుతుంది. మట్టి ఎంత ఎక్కువ ఉంటే పోటు అంత దూరం పోతుంది. మా కంప్యూటర్‌కి తెలిసిన విద్య ఇంతే, మిగతాదంతా కూడికలూ తీసివేతలూ.

పదకొండు చోట్ల దిగ్గొట్టాం. మావ ఏడో చోటనే కూలబడ్డాడు.

"ఇంకెన్నున్నాయే పిల్లా? నా నడుం ఇరిగిపోనాది."

"నాలుగే మావా."

"నాలుగే అంట. నీ సొమ్మేటి పోయింది, సమ్మెట నా సేతిలో ఉన్నాది గదా."

తర్వాత గీత భోజనం. గీత ఏ ఇళ్ళ మీదుగా పోవచ్చో ఆ ఇళ్ళలో గీసే మనిషి ఒక పూట తినాలి. ఇది మా తాతల నాటి కట్టుబాటు. సముద్రం పైకొచ్చి వాళ్ళంతా ఈ తొమ్మిది మెట్టలకి చేరిన కొత్తలో ఎవరో ఎక్కడో కూర్చుని మ్యాపు పంపారట. అందులో ఇళ్ళన్నీ చుక్కలే. ఆ చుక్కల్లో సగం మొదటి వానకే పోయాయి. అప్పట్నించీ, అన్నం తిన్న ఇంటిని ఎవరూ చుక్కగా చూడలేరని ఈ నియమం పెట్టారు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమే మీ ఉద్యోగం అని ఎర్రయ్య మావ నన్ను ఏటా ఏడిపిస్తాడు.

గెడ్డ ఒడ్డున చివరి ఇల్లు సన్యాసమ్మత్తది. చోడంబలి, కాల్చిన ఎండుచేప, పచ్చి ఉల్లిపాయ పెట్టింది. కొడుకు చిన్నంనాయుడు పనికి పోయాడు. కోడలు పైడమ్మకి ఏడో నెల. గుమ్మంలో కాళ్ళు చాపుకుని కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. మూడేళ్ళ కిందట వీళ్ళ పాత ఇల్లు ఎర్ర గీతలో పడితే దిగువ షెడ్లకి పంపారు. ఎర్రలో పడ్డవాళ్ళకి అంతకన్నా చోటు లేదు. రేకుల కింద నలభై కుటుంబాలు, ఉప్పునీటి తేమ.

"ఆ షెడ్డులోనే పుట్టినాడమ్మా మొదటోడు. నలభై రోజులకి జొరమొచ్చి పోనాడు," అంది అత్త, అంబలి ఇంకో గరిటె పోస్తూ. "తినూ, అదేటి తిండి?"

ఆవిడ నన్ను ఏమీ అడగలేదు. ఇది ఇక్కడ స్పష్టంగా రాసి పెట్టుకుంటున్నాను. అడిగి ఉంటే కోపం తెచ్చుకుని కాదనేదాన్ని.

ఏప్రిల్ 24

ఎండ బాగా ఉంది, బ్యాటరీ నిండింది. పొద్దున ఎనిమిదికి మోడల్ నడిపితే మధ్యాహ్నం రెండుకి తేలింది. పదకొండు కొలతల సగటు ఒక మీటరు నలభై. పోటు సన్యాసమ్మత్త ఇంటి మీదుగా వెళ్ళి ఇంకో పదిహేడు మీటర్లు దాటి ఆగింది. తెర మీద ఆ ఇల్లు ఎర్రగా ఉంది.

అన్నం తినలేదు. టీ పెట్టుకుని తాగాను. మళ్ళీ కొలతలు చూశాను.

పదకొండింటిలో ఐదు రెండు మీటర్లకి అటూ ఇటూ ఉన్నాయి. చువ్వ ఒక్కోసారి రెండు బండల మధ్య సందులోకి జారిపోతుంది. అప్పుడు లేని లోతు చూపిస్తుంది. నిజంగానే అలా జరుగుతుంది, నాకు ఈ పని నేర్పిన ఆవిడే చెప్పింది. ఐదింటికి ఐదూ అలా జారవని కూడా నాకు తెలుసు.

ఆ ఐదూ కొట్టేశాను. మిగిలినవాటి సగటు తొంభై సెంటీమీటర్లు. మళ్ళీ నడిపాను. పోటు ఇంటికి ఆరు మీటర్ల ఎగువన ఆగిపోయింది. ఆఫీసు పుస్తకంలో "చువ్వ బండల సందున జారిన ఐదు కొలతలు తీసివేయబడినవి" అని రాశాను. నా చేతిరాత ఎప్పుడూ అంత గుండ్రంగా ఉండదు.

మే 3

గీత రాళ్ళు పాతారు. సున్నం కొట్టిన తెల్ల రాయి, దాని దిగువన ఉన్నదంతా క్షేమం. సన్యాసమ్మత్త ఆ రాయికి పసుపు రాసి బొట్టు పెట్టింది. నేను వారిద్దామనుకున్నాను, ఏమని వారించను?

చిన్నంనాయుడు పైకప్పు మార్చుతున్నాడు. ఇల్లు నిలిచింది కదా, ఇక ధైర్యంగా చేయించుకోవచ్చని. దూలాలకి మంచి కర్ర తెచ్చాడు. "లెక్కలమ్మగారూ, ఈ దూలం ఎన్నాళ్ళుంటదంటారు?" అని నవ్వుతూ అడిగాడు. నలభై ఏళ్ళు అన్నాను. ఎందుకన్నానో తెలియదు. పదేళ్ళు అన్నా సరిపోయేది.

జూన్ 14

పైడమ్మకి ఆడపిల్ల. తల్లీ బిడ్డా కులాసా. నాకు కబురంపారు, వెళ్ళాను, ఎండ మండుతోంది. పిల్లని నా చేతుల్లో పెట్టారు. ఒత్తయిన జుట్టు, మొహం నిండా అలక.

"నీ సలవేనమ్మా. షెడ్డులో అయితే ఏటయ్యేదో," అంది పైడమ్మ.

ఆ మాట వింటే ఎవరికైనా సంతోషం కలగాలి. నాకు మాత్రం దొంగ సొమ్ము జేబులో ఉండగా పోలీసు దణ్ణం పెట్టినట్టయింది. పిల్లని తిరిగి ఇచ్చేసి, పనుందని వచ్చేశాను. వచ్చాక పని ఏమీ చేయలేదు.

ఈసారి ఉడుకు తగ్గాక చువ్వ పట్టుకుని నేనొక్కదాన్నే వెళ్ళి ఆ ఐదు చోట్లా మళ్ళీ చూద్దామనుకున్నాను. నిజంగా సందులే అయితే పీడ వదులుతుంది. వారం నుంచీ అనుకుంటూనే ఉన్నాను. చూస్తే తెలిసిపోతుంది కాబట్టే వెళ్ళడం లేదు.

జూన్ 28. ఈ ఏటి వాన: 341 మి.మీ.

గోరుచుట్టు మీద రోకటి పోటు. నేను మరిచిపోయిన సంగతి ఒకటుంది. మరిచిపోయాను అనడం కూడా అబద్ధమేమో.

వాన మూడొందలు దాటితే పసుపు గీతలో, అంటే పోటు అంచు తగలొచ్చని గీసిన చోట ఉన్న ఇళ్ళవాళ్ళు రాత్రులు దగ్గర్లోని క్షేమమైన ఇంట్లో తలదాచుకోవాలి. వాళ్ళని వాన చుట్టాలు అంటాం. నక్కల గెడ్డ పసుపు ఇళ్ళకి దగ్గర్లోని క్షేమమైన ఇల్లు ఏది? ఆ జాబితా కంప్యూటరే తయారు చేసి అచ్చు వేస్తుంది, నా సంతకం కింద. ఈరోజు గోడకి అతికించాను. సన్యాసమ్మత్త ఇంటికి మూడు కుటుంబాలు, పది మంది. ఇంటివాళ్ళు నలుగురితో కలిపి పద్నాలుగు.

నేను ఒక ఇంటిని కాపాడాననుకున్నాను. ఆ ఇంట్లోకి జనాన్ని తోలుతున్నాను.

జూలై 2. వాన: 466

ఆరు రోజులుగా మబ్బు, బ్యాటరీ అంతంత మాత్రం. అయినా కొట్టేసిన ఐదు కొలతలూ కలిపి, ఇప్పటి తడితో మోడల్ నడిపాను. లైట్లు, ఫ్యాను, నీళ్ళ మోటారు అన్నీ ఆపేస్తే గానీ సరిపోలేదు. ఇంకో నూరు మిల్లీమీటర్లు పడితే గెడ్డ కదులుతుంది. కదిలితే ఆ ఇంటికి చేరడానికి మూడు నిమిషాలు.

మధ్యాహ్నం వెళ్ళి ఒక అబద్ధం ఆడాను. గీత రాయి దగ్గరే నిలబడి కేకేశాను, సెన్సర్ తీగలు మార్చాలి, రెండ్రోజులు ఇల్లు ఖాళీ చేయాలి అని.

సన్యాసమ్మత్త కొంగు తలమీద వేసుకుని వచ్చింది. "సెన్సరు ఎగువ బండకాడ ఉన్నాది గదమ్మా, మా ఇంట్లో ఏటున్నాది?"

"తీగ ఇటు నుంచి లాగాలత్తా."

"లాక్కోమను, అడ్డమొస్తామేటి? ఇంటి నిండా సుట్టాలు, పసిగుంట, ఈ వానలో ఎక్కడికని పోతాం? నీ గీత ఉన్నాది, మాకేటి బయ్యిం?" అని, వెళ్ళబోతూ ఆగి, "తిని ఎల్లు, కూర ఉడుకుతన్నాది," అంది.

వద్దన్నాను.

జూలై 4. వాన: 528

పొద్దున ఎర్రయ్య మావ గదికొచ్చినప్పుడు చెప్పేశాను. మొత్తం, అంబలి దగ్గర్నుంచి. ఎక్కడా తడుముకోలేదు. అది నాకే అసహ్యమనిపించింది, ఇన్నాళ్ళు లోపల ఎన్నిసార్లు అప్పజెప్పుకున్నానో.

మావ గుమ్మం దాకా వెళ్ళి బయట ఎవరైనా ఉన్నారేమో చూసి వచ్చాడు.

"ఎవులికైనా సెప్పినావా?"

"లేదు."

"సెప్పకు. వాళ్ళని నాను ఎలాగో దింపుతాను. కడుపు సింపుకుంటే కాళ్ళ మీద పడతాదే. ఒక్క గీత అబద్దమని తెలిస్తే తొమ్మిది మెట్టల్లో ఇంకే గీత నమ్ముతారు? ఈ వానల్లోనా?"

ఆయన మాటలో తప్పు లేదు. ఈ గీతలకి పోలీసులు లేరు, జరిమానాలు లేవు. సైరన్ మోగితే జనం లేచి నడుస్తారు, అంతే. కిందటేడు మర్రిమెట్టలో డెబ్భై మంది అలా నడిచి బతికారు. వాళ్ళు నమ్మింది నన్ను కాదు, గీతని.

మావ గొడుగేసుకుని వెళ్ళాడు. గంటన్నరకి తిరిగొచ్చాడు, మోకాళ్ళ దాకా బురద.

"కదలరే. గీత ఇవతల ఉన్నోళ్ళం, మాకేటి అంటన్నారు. చిన్నంనాయుడు నాకే సెప్తన్నాడు, మావా, లెక్కలమ్మ మాటకి తిరుగు లేదు, నువ్వు కంగారు పడకు అని."

అప్పుడు మైకు తీశాను. మావ నా చెయ్యి పట్టుకున్నాడు, మళ్ళీ తనే వదిలేశాడు. తొమ్మిది మెట్టల్లోనూ హారన్లు కూత పెట్టాయి.

"నేను నీలవేణిని. గీతల గది నుంచి. నక్కల గెడ్డ గీత తప్పు. పొరపాటున తప్పు కాదు. కావాలని ఐదు కొలతలు కొట్టేసి, సన్యాసమ్మత్త ఇల్లు బయటపడేలా గీశాను. ఆ ఇల్లు ఎర్రలో ఉంది. ఇంట్లో ఉన్న పద్నాలుగు మందీ ఈ నిమిషమే పనసమెట్ట బడికి వెళ్ళిపోవాలి. మిగతా గీతలన్నీ సరైనవే. ఒట్టు."

ఆ ఒట్టు ఎవరి మీద వేశానో నాకే తెలియలేదు. మూడుసార్లు అదే చెప్పాను. వాళ్ళని వెంటబెట్టుకు రావడానికి మావే మళ్ళీ వెళ్ళాడు. నేను మైకు దగ్గర ఉండాలి కదా అన్నాను.

మూడింటికి బడి నుంచి ఫోన్: పద్నాలుగు మందీ చేరారు, పసిపిల్లతో సహా. నాలుగింటికి ఉప్పుమెట్ట నుంచి ఇంకో ఫోన్. అక్కడ పసుపు గీతలో ఉండే ముత్యాలు అనే తాపీ మేస్త్రీ, వాన చుట్టంగా ఉంటున్న ఇంటి నుంచి చాప చుట్టుకుని తన ఇంటికి వెళ్ళిపోయాడట. "ఆ యమ్మ గీతలన్నీ తిండి పెట్టినోళ్ళకే గీసింది. నా ఇంట్లో అంబలి కాసే ఆడమనిషి లేదు కాబట్టి నన్ను పసుపులో ఏసింది," అన్నాడట.

ముత్యాలు ఇంట్లోనూ తిన్నాను. తనే వండాడు, ఉప్పు ఎక్కువైంది. ఆ గీతలో నేను వేలు పెట్టలేదు. ఫోన్ చేసి చెప్పించాను, బతిమాలించాను. ఇంక ఎందుకు నమ్ముతాడు?

జూలై 5. వాన: 641

పొద్దున పదకొండూ పదికి ఎగువ బండ సెన్సర్ మూలిగింది. సైరన్ నొక్కాను. నక్కల గెడ్డ పదకొండూ పద్నాలుగుకి దిగింది.

మావతో వెళ్ళి చూశాను. గీత రాయి లేదు. ఇల్లు లేదు, కొత్త దూలాల్లో ఒకటి బురదలో నిలువుగా దిగబడి ఉంది. పోటు ఇంటి స్థలం దాటి పంతొమ్మిది మీటర్లకి ఆగింది. మోడల్ చెప్పింది పదిహేడు. నా జీవితంలో ఇంత దగ్గరగా ఏ లెక్కా రాలేదు.

ఉప్పుమెట్టలో చిన్న పోటు, పసుపు దాకానే వచ్చింది. గీత అక్షరాలా సరిపోయింది. ముత్యాలుని గోడ కింద నుంచి సాయంత్రానికి తీశారు. ప్రాణం ఉంది. ఎడమ కాలు మోకాలి కింద తీసేస్తారట.

జూలై 9

సంఘం కూర్చుంది. తిడతారని వెళ్ళాను. తిట్లు తినడానికి సిద్ధపడటంలో కూడా కొంత సుఖం ఉంటుంది, అది దక్కలేదు. ఈ గది నడపడం ఇంకెవరికీ రాదు కాబట్టి నన్నే ఉంచారు. ఇకనుంచి చువ్వ కొలతలు ఇద్దరు రాయాలి, కొట్టేసినవి బోర్డు మీద పెట్టాలి. గీత భోజనం మానేయాలని ఒకాయన అన్నాడు. వద్దని మావ అన్నాడు. తేల్చలేదు.

ముత్యాలుని చూడ్డానికి ఆసుపత్రి షెడ్డుకి వెళ్ళాను. నన్ను చూసి గోడ వైపు తిరిగాడు. అరగంట కూర్చున్నాను. అతను తిరగలేదు.

జూలై 20. వాన: 702. తెరిపి.

ఇన్నాళ్ళకి దిగువ షెడ్లకి వెళ్ళాను. పదిహేను రోజులు పనుందనే చెప్పుకున్నాను.

సన్యాసమ్మత్త వాళ్ళది పదమూడో గది. చీరలతో అడ్డు కట్టుకున్నారు. చిన్నంనాయుడు నన్ను చూసి లేచి బయటకి వెళ్ళిపోయాడు. పైడమ్మ అవతల పడుకుని ఉంది, ఇటు చూడలేదు. అత్త పిల్లని ఒళ్ళో వేసుకుని గోడకి ఆనుకుని కూర్చుంది. పిల్ల ఒంటి మీద చెమటకాయలు. జ్వరం లేదు, నేను అడక్కుండానే అత్త చెప్పింది.

"ఆ బొమ్మ తెచ్చినావా? మా ఇల్లు ఎర్రగా ఉన్న బొమ్మ?"

చేతి కంప్యూటర్ పలక తీసి చూపించాను. తన ఇల్లు ఏదో తనే పోల్చుకుంది, వేలు పెట్టింది.

"ఇది ఎప్పుడు తీసినావు?"

"ఏప్రిల్ ఇరవైనాలుగున."

వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. "కప్పు ఏసినది తర్వాతే. గుంట పుట్టినదీ తర్వాతే. సుట్టాలొచ్చినదీ తర్వాతే." ఆగింది. "షెడ్డుకి ఎల్లమంటే ఏడుద్దుము. నిన్ను తిడుదుము. ఎల్లుదుము గదా."

"షెడ్డులో పోయిన మీ మనవడి సంగతి విన్నాను కదత్తా. మళ్ళీ షెడ్డుకి పంపడానికి..."

"నా మీద పెట్టకు."

ఆవిడ గొంతు పెంచలేదు, పిల్ల నిద్రపోతోంది.

"ఒకటడుగుతాను, సెప్పు. గీత గీసినాక మా ఇంటికి పదకొండు మాట్లు వొచ్చినావు. నా కోడలు లెక్కెట్టింది, నువ్వు వొస్తే దానికి సంబరం. ఎండలో వొచ్చేదానివి, కూకునేదానివి, తినేదానివి. ఎగువన కూసింత మబ్బేస్తే సాలు, పనున్నాదని లేసిపోయేదానివి. సేతిలో ముద్ద ఉన్నా కడిగీసుకుని పోయేదానివి. వాన పడతన్నప్పుడు ఒక్కసారైనా మా గడప లోపల నిలబడ్డావేటి?"

లేదు. జూన్ మొదటి వారంలో ఒకసారి ఉరుము వినపడితే చెప్పులు చేత్తో పట్టుకుని దిగాను. ఈ పుస్తకంలో అన్నీ రాశాను, ఐదు కొలతలు రాశాను, నా బుద్ధి రాశాను, అది మాత్రం ఎక్కడా రాయలేదు. నేను దాచలేదు, నాకు కనపడలేదు అని చెప్దామనిపించింది. అదీ నిజం కాదు.

"నీకు తెలవకపోవడం కాదమ్మా. నీ ఒంటికి తెలుసు. నీ ఒక్క ఒంటికే అక్కరకొచ్చింది ఆ తెలివి."

"అవునత్తా," అన్నాను.

ఆవిడ నిద్రపోతున్న పిల్లని మెల్లగా ఎత్తి, నాకు దూరంగా, అవతలి పక్క ఒళ్ళోకి మార్చుకుంది.